చలికాలాన్నే సాక్ష్యానికి పిలిస్తే

2015 ఫిబ్రవరి 26న అమెరికా సెనేట్‌లో జేమ్స్ ఇన్‌హోఫ్ అనే సెనేటర్ ఒక ప్లాస్టిక్ కవర్లోంచి మంచు ముద్ద తీసి, బయట ఎంత చలిగా ఉందో చూడండి అని చెప్పి, దాన్ని అధ్యక్ష స్థానం వైపు విసిరేశాడు. ఇంత చలి పెట్టుకుని ఇంకెక్కడి గ్లోబల్ వార్మింగ్ అని ఆయన వాదన. నవ్వేవాళ్ళు నవ్వారు, తలూపేవాళ్ళు తలూపారు. తీరా లెక్కలు తేలాక ఆ 2015 అప్పటిదాకా రికార్డుల్లో ఉన్న అన్ని ఏళ్ళలోకీ వేడి సంవత్సరం అయి కూర్చుంది, మళ్ళీ 2016 వచ్చి దాన్నీ దాటేసింది.

ఆయన్ని ఎగతాళి చేయడం తేలికే కానీ ఆ ప్రశ్న నిజానికి అంత వెర్రి ప్రశ్నేం కాదు. మన ఒంటికి సగటులు తెలీవు కదా, పొద్దున లేవగానే పళ్ళు టకటకలాడితే ఒళ్ళు చెప్పేది ఒక్కటే, చలి అని. ప్రపంచ సగటు ఉష్ణోగ్రత 1.5 డిగ్రీలు పెరిగిందని ఎవరైనా అంటే దుప్పట్లో ముడుచుకుని కూర్చున్నవాడికి చిరాకు రాదా మరి.

నేను రోజూ వెయింగ్ మిషన్ ఎక్కే రకం. ఇవాళ కిలో తగ్గినట్టు చూపిస్తుంది, రేపు కిలోన్నర పెరిగినట్టు చూపిస్తుంది, అదంతా తాగిన నీళ్ళు, తిన్న ఉప్పు. తగ్గిన రోజున తెగ సంబరపడిపోయి అందరికీ చెప్పుకుంటాను, పెరిగిన రోజున మిషన్ పాడైందంటాను :) ఏడాది తిరిగేసరికి బెల్టు రెండు బెజ్జాలు జరిగిందన్నది మాత్రం నిజం. వాతావరణం అంటే ఆ పొద్దుటి అంకె, క్లైమేట్ (ఏళ్ళ తరబడి వాతావరణం సగటు) అంటే ఆ బెల్టు.

ఇంకో సంగతి, చలి ఎక్కడ పడింది అనేది. 2019 జనవరి చివర్లో చికాగోలో మైనస్ 30 డిగ్రీల కిందకి పోయింది, టీవీలన్నీ అదే చూపించాయి, గ్లోబల్ వార్మింగ్ ఎక్కడికి పోయింది, త్వరగా రమ్మనండి అని అప్పటి అమెరికా అధ్యక్షుడు ట్రంప్ కూడా జోకేశాడు. అదే నెలలో ఆస్ట్రేలియా మాడిపోతోంది, రాత్రీ పగలూ కలిపి దేశం మొత్తం నెల సగటే 30 డిగ్రీలు దాటింది, అంతకుముందు ఆ దేశంలో ఏ నెలలోనూ అలా జరగలేదు. భూమి ఉపరితలంలో అమెరికా వాటా దాదాపు 2 శాతం, మిగతా 98 శాతాన్ని వదిలేసి తీర్పు చెప్పేస్తే ఎలా?

సరే, మాటలెందుకు, చిన్న లెక్క వేద్దాం. ఒక ఊహల్లో ఊరు అనుకోండి, అక్కడ చలికాలం సగటు ఏడాదికేడాది అటూ ఇటూ ఊగుతుంటుంది, ఆ ఊగుడు మామూలుగా 2 డిగ్రీల లోపు, ఎప్పుడో గానీ 4 దాటదు. ఇప్పుడు ఆ ఊరు మొత్తంగా 1 డిగ్రీ వేడెక్కిందనుకుందాం. పాత సగటు కంటే చల్లగా ఉండే చలికాలాలు అంతకుముందు వందకి 50 ఉండేవి, ఇప్పుడు 31 ఉంటాయి. అంటే వేడెక్కిన ఊళ్ళో కూడా దాదాపు మూడేళ్ళకోసారి అబ్బ ఈసారి చలి ఎక్కువే అనుకునే చలికాలం వస్తూనే ఉంటుంది! అసలు మార్పు అంచుల్లో కనిపిస్తుంది, పాత సగటు కంటే 4 డిగ్రీలు పడిపోయే భయంకరమైన చలి ఇదివరకు 44 ఏళ్ళకోసారి వచ్చేది, ఇప్పుడు 160 ఏళ్ళకోసారి. అటువైపు 4 డిగ్రీలు ఎక్కువుండే వెచ్చటి చలికాలం అదే 44 ఏళ్ళ నుంచి 15 ఏళ్ళకి దిగిపోయింది. కాబట్టి చలి రావడం ఆగలేదు, అరుదైంది అంతే.

అరుదైంది కాబట్టే వచ్చినప్పుడు అంత గోల అని నాకనిపిస్తుంది. మన జ్ఞాపకం మహా అయితే పది పదిహేనేళ్ళు పోతుంది, తాతల నాడు మామూలు అనుకున్న చలి ఇప్పుడు బ్రేకింగ్ న్యూస్.

మంచు బాగా కురిసింది కాబట్టి వేడెక్కలేదు అనడం కూడా కుదరదు. మంచు కురవాలంటే చలి ఒక్కటే చాలదు, గాలిలో తేమ కావాలి, గాలి 1 డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరి పట్టుకోగలదు. సున్నాకి ఇంకా కిందే ఉండే చోట్ల కాస్త వేడెక్కితే మంచు పెరగొచ్చు కూడా.

ఇక పోలార్ వోర్టెక్స్ దగ్గర మాత్రం నిజంగానే శాస్త్రవేత్తల్లో వాదన ఉంది, దాన్ని దాచిపెట్టడం నాకిష్టం ఉండదు. చలికాలంలో ఉత్తర ధ్రువం మీద చాలా ఎత్తులో గాలి బొంగరంలా గిరగిరా తిరుగుతుంటుంది, పోలార్ వోర్టెక్స్ అంటే అదే, గట్టిగా తిరిగినంతకాలం చలిని లోపలే పట్టి ఉంచుతుంది, బొంగరం తూలితే ఆ చలి దక్షిణానికి జారుతుంది. 2021 జనవరిలో అలాగే తూలింది, ఫిబ్రవరిలో టెక్సాస్ గడ్డకట్టి లక్షల ఇళ్ళకి కరెంటు పోయింది. 1979 నుంచి చూస్తే ఆర్కిటిక్ మిగతా ప్రపంచం కంటే దాదాపు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కింది, అందువల్లే ఈ తూలడం ఎక్కువైందని కొందరంటారు, కాదు, అది ఎప్పుడూ ఉన్న ఊగిసలాటే అని ఇంకొందరంటారు. ఇంకా తేలలేదు. కానీ ఒకటి గమనించండి, ఈ రెండు పక్షాల్లో ఎవరూ భూమి వేడెక్కట్లేదు అనట్లేదు.

అసలు చలికాలాన్నే సాక్ష్యానికి పిలవాలనుకుంటే పిలుద్దాం, నాకైతే అభ్యంతరం లేదు. కాకపోతే ఒక్క పొద్దున్ని పిలిచి వదిలేయకుండా దాని రాత్రులన్నిటినీ పిలవాలి. ఎండ పగలే ఉంటుంది, కార్బన్ డయాక్సైడ్ దుప్పటి మాత్రం రాత్రి కూడా పని చేస్తుంది, అందుకే చాలా చోట్ల పగటి కంటే రాత్రులు, ఉత్తరాది దేశాల్లోనైతే వేసవి కంటే చలికాలాలు ఎక్కువ వేడెక్కాయి.

జపాన్‌లో సువా అని ఒక సరస్సు ఉంది. బాగా చలి పడితే అది గడ్డకట్టి, రాత్రిళ్ళు పెద్ద చప్పుడుతో ఆ పలక పగిలి, ఒడ్డు నుంచి ఒడ్డుకి మంచు గట్టులా పైకి లేస్తుంది. ఒక దేవుడు అవతలి ఒడ్డున ఉన్న తన దేవేరి దగ్గరికి నడిచి వెళ్ళిన దారి అదని అక్కడి నమ్మకం, పేరు ఓమివతారి. 1443 నుంచి షింటో (జపాన్ సంప్రదాయ మతం) పూజారులు ఏ ఏడు సరస్సు గడ్డకట్టిందో రాస్తూ వస్తున్నారు, థర్మామీటర్ పుట్టకముందు నుంచీ! వాళ్ళకి వార్మింగూ తెలీదు, దాని మీద వాదనా తెలీదు, దేవుడు నడిచాడా లేదా అన్నదే వాళ్ళకి కావాలి. మొదటి 250 ఏళ్ళలో సరస్సు గడ్డకట్టని చలికాలాలు మూడంటే మూడు. 2005 నుంచి 2014 దాకా, ఒక్క పదేళ్ళలో, ఐదు. దారి పడని ఏడాదిని అకే నో ఉమి, అంటే తెరిచిన సముద్రం అని రాస్తారు. 2019 నుంచి 2025 దాకా ఏడేళ్ళూ వరసగా అదే రాశారు.