గల్లాలో తక్కువొస్తే జేబులోంచి తీసి వేయకండి: క్యాష్ కౌంటర్ అపోహలు - వాస్తవాలు

పోయిన వారం రాత్రి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. నా దగ్గర పని నేర్చుకుని క్యాష్ కౌంటర్‌లో కూర్చుని నెల కూడా కాలేదు. "సార్, నాలుగొందలు తక్కువొస్తోంది. మూడుసార్లు లెక్కపెట్టాను. పక్కనే ఏటీఎం ఉంది, తెచ్చి పెట్టేసి టాలీ చేసేయనా?" గొంతు వణుకుతోంది. అందరూ చేసేది అదేనని ఎవరో సీనియర్ చెప్పారట.

ఆ సీనియర్ నాకు బాగా తెలుసు. అంటే, ప్రతి ఆఫీసులోనూ ఒకరుంటారు. కొత్తవాళ్లకు మొదటిరోజే ఈ పాఠం చెప్పేస్తారు. దాన్ని మాన్పించడానికి నాకు ఏళ్లు పడుతోంది.

అపోహ: రోజూ తేడా లేకుండా టాలీ అయితేనే మంచి క్యాషియర్. తక్కువొస్తే సొంత డబ్బు వేయాలి, ఎక్కువొస్తే రేపటికి పనికొస్తుందని పక్కన పెట్టాలి.

వాస్తవం: రోజంతా వందల చేతులు మారే నోట్లలో అప్పుడప్పుడూ తేడా వస్తుంది. తనిఖీకి వెళ్లినప్పుడు నేను ముందు తెరిపించేది నెలల తరబడి సున్నా తేడా చూపించే గల్లానే. అక్కడ ఎవరో ఏదో సర్దుతున్నారని అనుమానం.

నా మొదటి ఉద్యోగంలో నేనూ సర్దాను. ఒక సాయంత్రం 270 తక్కువొచ్చింది. భయపడి, ఎవరూ చూడకుండా నా పర్సులోంచి వేశాను. హాయిగా నిద్రపోయాను కూడా. మర్నాడు అకౌంట్స్ వాళ్లు రశీదులు సరిచూస్తే, 360 తీసుకున్న చోట నేను 630 అని ఎక్కించినట్టు తేలింది. ఎంట్రీ సరిచేశారు. అంటే అసలు డబ్బేమీ పోలేదు, పుస్తకంలో అంకెలు తారుమారయ్యాయి, అంతే. ఇప్పుడు గల్లాలో 270 ఎక్కువ! "ఈ డబ్బు ఎక్కడిది?" అని అడిగారు. నాదే అంటే ఎవరు నమ్ముతారు? తాటిచెట్టు కింద పాలు తాగిన వాడి సంగతే నాదీ అయింది. నిజానికి తేడా 270 అనగానే దాన్ని 9తో భాగించి చూసి ఉండాల్సింది. పక్కపక్క అంకెలు తారుమారైతే వచ్చే తేడా ఎప్పుడూ 9తో నిశ్శేషంగా భాగించబడుతుంది. ఇది అప్పుడు నాకెవరూ చెప్పలేదు. సొంత డబ్బు వేయమని మాత్రం ముగ్గురు చెప్పారు.

తేడా అనేది ఒక ఆచూకీ. డబ్బు వేసేస్తే ఆ ఆచూకీ చెరిగిపోతుంది. ఆ తర్వాత దొంగ ఉన్నా దొరకడు, తప్పు ఎంట్రీ ఉన్నా దొరకదు.

ఎక్కువొచ్చిన డబ్బు దాచడం ఇంకా ప్రమాదం. ఒకచోట ఆకస్మిక తనిఖీలో డ్రాయర్ వెనక ఒక కవరు దొరికింది. తక్కువొచ్చిన రోజున వాడుకోవడానికి ఆ క్యాషియర్ ఎక్కువొచ్చినవన్నీ అందులో వేసేవాడు. ఒక్క నోటూ ఇంటికి పట్టుకెళ్లలేదని నేను నమ్మాను. కానీ కాగితం మీద అది లెక్కలో చూపని సొమ్ము. పైగా చిల్లర తక్కువిచ్చారని మర్నాడు వచ్చి అడిగిన మనిషికి, రాత్రి లెక్క సరిగ్గానే తేలిందని పుస్తకం చూపించి పంపేశారు. ఆయన డబ్బు ఆ కవర్లోనే ఉంది.

మరి ఏం చేయాలి? ముందు లెక్కపెట్టడం ఆపి ఊపిరి తీసుకోండి. టెన్షన్‌లో పదిసార్లు లెక్కపెట్టినా తప్పే వస్తుంది. డినామినేషన్ వారీగా, అంటే ఏ విలువ నోట్లు ఎన్నున్నాయో కాగితం మీద రాసి, ఇంకొకరితో విడిగా లెక్కపెట్టించండి. మీ మొత్తం వాళ్లకు ముందే చెప్పకండి, చెబితే అదే అంకె దగ్గర ఆగుతారు. ఉదయం చేతికిచ్చిన చిల్లర మొత్తాన్ని రాబడిలో కలిపేశారేమో చూడండి. తేడాని 9తో భాగించండి. తర్వాత సగం చేయండి: 200 చెల్లింపును పొరపాటున జమ వైపు రాస్తే సరిగ్గా 400 తక్కువొస్తుంది. రద్దు చేసిన బిల్లులు, డ్రాయర్ వెనక ఇరుక్కున్న నోట్లు కూడా చూడండి. అప్పటికీ దొరక్కపోతే ఎంత తక్కువో ఎంత ఎక్కువో ఉన్నదున్నట్టు రాసి, పైవాళ్లకు ఆ రాత్రే చెప్పి, ఇద్దరూ సంతకం పెట్టండి.

"జీతంలో కోస్తారేమో సార్" అంటారు. ఆ భయం నాకు అర్థమవుతుంది. తేడాల మీద నియమం ఏమిటో చేరేరోజే రాతలో అడగండి. అడిగితే అనుమానిస్తారన్నది కూడా పుకారే. ఇంకో మాట, ఒక డ్రాయర్‌కి ఒక్కరే బాధ్యులు. భోజనానికి లేచినప్పుడు పక్కవాళ్లకు తాళం ఇచ్చి వెళ్తే, ఆ తర్వాత వచ్చిన తేడా ఎవరిదో ఎవరికీ తెలియదు.

ఆ అమ్మాయి నాలుగొందలు ఇప్పటికీ దొరకలేదు. రిజిస్టర్‌లో "తక్కువ 400, కారణం తెలియలేదు" అని రాసి ఉంది. మేనేజరు చూసి సంతకం పెట్టాడు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

లెక్కపెట్టే మెషీన్ ఉంటే చాలన్నది అపోహ. మామూలు మెషీన్ కాగితాలను లెక్కపెడుతుంది, విలువను కాదు. పెద్ద నోట్ల కట్టలో చిన్న నోటు దూరినా దానికి ఒకటే. ముందు చేత్తో విడదీయాల్సిందే.

దొంగనోట్ల పెన్ను అన్నీ పట్టేస్తుందనుకోవద్దు. అందులో ఉండేది అయోడిన్. మామూలు కాగితంలోని గంజి తగిలితే నల్లబడుతుంది. గంజి లేని కాగితం మీద అచ్చేసినా, చిన్న అసలు నోటును కడిగి పెద్దది అచ్చేసినా పెన్ను ఏమీ పట్టదు. వెలుతురుకి ఎత్తి వాటర్‌మార్క్ చూడండి, వేళ్లతో తడిమి చూడండి.

తనిఖీ అంటే అవమానం అనుకునేవాళ్లూ ఉన్నారు. 1879లో అమెరికాలోని డేటన్‌లో జేమ్స్ రిటీ అనే బార్ యజమాని, అమ్మకాల లెక్క నమోదు చేసే క్యాష్ రిజిస్టర్ మెషీన్‌కు పేటెంట్ తీసుకున్నది పనివాళ్ల దొంగతనం అరికట్టడానికే, నిజమే. కానీ నా అనుభవంలో ఆ రికార్డు యజమాని కంటే నిర్దోషి క్యాషియర్‌నే ఎక్కువసార్లు కాపాడింది.

ఇచ్చిన నోటును వెంటనే గల్లాలో పడేయడం చురుకుదనం కాదు. చిల్లర ఇచ్చేదాకా అవతలివాళ్ల చేతికి అందకుండా, మీ కళ్లెదుట ఉంచండి. "నేనిచ్చింది పెద్ద నోటు" అనే గొడవ సగం తగ్గుతుంది. మధ్యలో "అది కాదు, ఇది తీసుకోండి, దానికి చిల్లరివ్వండి" అని కంగారు పెట్టేవాళ్లు వస్తే, అన్నీ వెనక్కి తీసుకుని మొదటి నుంచి మొదలుపెట్టండి. వెనక లైను విసుక్కుంటుంది, విసుక్కోనివ్వండి.

ఎవరైనా ఆయుధం చూపించి అడిగితే ఇచ్చేయండి. ఎదురు తిరగడం మీ ఉద్యోగం కాదు. గల్లాలో ఎక్కువ పోగవకుండా గంటగంటకీ పెద్ద నోట్లు సేఫ్‌లోకి పంపుతూ ఉంటే, ఆ రోజు పోయేది కూడా కొద్దిపాటే.