రాజీనామా రాయమంటే రాసెయ్యడమేనా? అపోహలు - వాస్తవాలు

కడపలో లేబర్ కేసులు చూసే నా దగ్గరికి యాభై దాటినవాళ్ళు చాలామంది సంతకం పెట్టేశాకే వస్తున్నారు. అందుకే ముందు ఆ సంగతి.

అపోహ: రాజీనామా రాసిస్తేనే గ్రాట్యుటీ, పీఎఫ్ సెటిల్ చేస్తారు.

వాస్తవం: శుద్ధ అబద్ధం. ఐదేళ్ళ సర్వీసు నిండితే గ్రాట్యుటీ మీ హక్కు. మీరు మానుకున్నా, పని లేదని యాజమాన్యం తీసేసినా ఇవ్వాల్సిందే. పీఎఫ్ మీ సొంత డబ్బు. రాజీనామాతో పోయేది వేరే ఉంది. అవసరం లేదని కార్మికుణ్ణి తీసేస్తే నెల నోటీసో, నెల జీతమో ఇచ్చి, సర్వీసులో ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున పరిహారం కట్టాలి. ఇది గ్రాట్యుటీకి అదనం. 2025 నవంబరులో కొత్త కార్మిక చట్టాలు (లేబర్ కోడ్‌లు) వచ్చినా ఈ 15 రోజుల లెక్క మారలేదు. ‘నా ఇష్టంతో మానుకుంటున్నాను’ అని రాశారా, ఆ పరిహారం పోయినట్టే. బలవంతంగా రాయించారని రుజువు చేసుకోవాల్సింది కూడా మీరే.

ఎర్రగుంట్ల వైపు నుంచి ఒకాయన వచ్చారు. 22 ఏళ్ళ సర్వీసు, బేసిక్, డీఏ కలిపి 18,000. కాగితం ముందే టైపు చేసి పెట్టారట, తేదీ ఒక్కటే ఖాళీ. “ఇంట్లో అడిగొస్తానన్నా వినలేదు సార్” అన్నారు. గ్రాట్యుటీ సుమారు 2,28,000 వచ్చింది. ఇంచుమించు పదకొండు నెలల జీతమంత పరిహారం పోయింది. నలుగురు చుట్టూ కూర్చుని ఒత్తిడి చేస్తే ఎవరికైనా చెయ్యి వణుకుతుంది, ఆయన్ను నేను తప్పుపట్టను. సంతకం పెట్టక తప్పకపోతే మర్నాడే ‘బలవంతంగా రాయించారు, వెనక్కి తీసుకుంటున్నాను’ అని స్పీడ్ పోస్టులో పంపండి. ఒక కాపీ లేబర్ ఆఫీసులో ఇవ్వండి. ఆర్నెల్లు ఊరుకుని చెప్తే కోర్టు నమ్మడం కష్టం.

అపోహ: 40 దాటినవాళ్ళను తీసేస్తే వయసు వివక్ష కేసు వేయొచ్చు.

వాస్తవం: ఈ వాట్సాప్ ఫార్వర్డ్‌తో విసిగిపోయాను. అది 1967 నాటి అమెరికా చట్టం. ఇక్కడ ప్రైవేటు ఉద్యోగాలకు అలాంటి ప్రత్యేక చట్టం లేదు. మనకు పనికొచ్చేది ఇంకొకటి: ఒకే రకం పనిలో ఆఖరున చేరినవాణ్ణే ముందు తీయాలి. పాతవాళ్ళను పంపి కుర్రాళ్ళను ఉంచుకుంటే కారణం రాసి చూపాల్సింది యాజమాన్యమే.

అపోహ: అందరికీ రిటైర్మెంట్ 62.

వాస్తవం: అది 2022లో రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకు పెంచింది. మీ అపాయింట్‌మెంట్ ఆర్డరు, స్టాండింగ్ ఆర్డర్లు (కంపెనీ సర్వీసు నిబంధనలు) చూసుకోండి. పీఎఫ్ పెన్షన్ 58కి వస్తుంది కాబట్టి 58కే దిగిపోవాలన్న రూలూ లేదు.

అపోహ: ఫిర్యాదు చేస్తే కక్ష కట్టి నైట్ షిఫ్టులో వేస్తారు, మనమేం చేయలేం.

వాస్తవం: కక్ష కట్టేవాళ్ళు ఉన్నారు, మీ భయం ఉత్తది కాదు. కానీ లేబర్ ఆఫీసులో రాజీ చర్చలు నడుస్తుండగా, ఆ వివాదానికి సంబంధించిన సర్వీసు షరతులను అధికారి రాతపూర్వక అనుమతి లేకుండా మీకు నష్టం కలిగేలా మార్చకూడదు. మారిస్తే దాని మీద మళ్ళీ ఫిర్యాదు పెట్టొచ్చు. అందుకని ఏదీ నోటిమాటగా చెప్పి రాకండి, అర్జీ మీద స్టాంపు వేయించుకోండి. షిఫ్టు చార్టు ఇవాళే ఫోటో తీసిపెట్టుకోండి, మార్చినాక ఇంకోటి తీయండి.