జీఐఎస్ కోర్సులో చేరేవాళ్లకి: అపోహలు - వాస్తవాలు

అడ్మిషన్ల టైం వచ్చిందంటే ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు, "అన్నా, ఎమ్మెస్సీలో జీఐఎస్ తీసుకుందామనుకుంటున్నా, ఎలా ఉంటుంది?" అని. జీఐఎస్ అంటే జియోగ్రాఫిక్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్, మ్యాపుల్ని, వాటి వెనకున్న సమాచారాన్ని కంప్యూటర్‌లో కలిపి లెక్కలు తేల్చే పద్ధతి. హైదరాబాద్‌లో చాలా ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నా, కొన్ని సెమిస్టర్లు ల్యాబ్ క్లాసులు కూడా చెప్పా. ఫోన్లో ఒక్కొక్కళ్లకి చెప్పేదంతా ఇక్కడ ఒకచోట పెడుతున్నా.

అపోహ: జీఐఎస్ అంటే ఒక సాఫ్ట్‌వేర్, బటన్లు వచ్చేస్తే సబ్జెక్ట్ వచ్చేసినట్టే.

కాదు. 1960లలో కెనడాలో రోజర్ టామ్లిన్సన్ వాళ్లు మొదటి జీఐఎస్ కట్టింది అంత పెద్ద దేశంలో ఏ నేల దేనికి పనికొస్తుందో లెక్క తేల్చడానికి, అంటే ముందు ప్రశ్న ఉంది, దానికోసం కంప్యూటర్ వచ్చింది. మన ల్యాబ్‌లో ఇది తిరగబడుతుంది, బఫర్ (దేని చుట్టూ అయినా ఇంత దూరం అని హద్దు గీసే టూల్) ఎక్కడుందో తెలుసు కానీ ఎందుకు వేస్తున్నామో తెలీదు. యూనివర్సిటీలో ఆర్క్‌జీఐఎస్ అనే సాఫ్ట్‌వేర్ మీద నేర్చుకుని, ఇంట్లో లైసెన్స్ లేదని ప్రాక్టీస్ ఆపేసినవాళ్లని చాలామందిని చూశా. క్యూజీఐఎస్ అనే సాఫ్ట్‌వేర్ ఫ్రీ, ఈరోజే వేసుకోండి, మెనూలు వేరేగా ఉంటాయి గానీ క్లిప్ (హద్దు మేరకు కత్తిరించడం) అంటే రెండింట్లోనూ క్లిప్పే, ఓవర్‌లే (ఒకదాని మీద ఒకటి పెట్టి చూడడం) అంటే ఓవర్‌లేనే.

అపోహ: ప్రొజెక్షన్లు (గుండ్రటి భూమిని బల్లపరుపు మ్యాప్ మీదికి దించే పద్ధతులు) థియరీ పేపర్ కోసమే.

దీని దగ్గర కాసేపు ఆగుతా, ఎందుకంటే ఈ తప్పు నేను స్వయంగా చేశా. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక చెరువు విస్తీర్ణం కొలిచి ఇచ్చా, మా సీనియర్ గారు పాత గ్రామ పటం, రికార్డులో ఉన్న ఎకరాలు గుంటలు పక్కన పెట్టుకుని చూసి, "ఇది దాదాపు పది శాతం ఎక్కువ వస్తోంది, ఏ ప్రొజెక్షన్‌లో కొలిచావు?" అన్నారు. బ్యాక్‌గ్రౌండ్‌లో గూగుల్ ఇమేజ్ వేసుకుని, దాని ప్రొజెక్షన్ అయిన వెబ్ మెర్కేటర్‌లోనే గీసి అందులోనే లెక్క కట్టేశా. వెబ్ మెర్కేటర్ భూమధ్యరేఖ నుంచి దూరం జరిగేకొద్దీ సాగదీస్తుంది, హైదరాబాద్ దగ్గర విస్తీర్ణం సుమారు 10 శాతం ఎక్కువ చూపిస్తుంది, అంటే 100 ఎకరాల చెరువు 110 ఎకరాలు అయిపోతుంది. ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు వచ్చే మట్టం) హద్దు గురించి కోర్టుల్లో కొట్లాడుకునే ఊళ్లో పది ఎకరాలంటే చిన్న విషయమా! క్యూజీఐఎస్‌లో $ గుర్తు ముందుండే ఏరియా ఫంక్షన్ ప్రాజెక్ట్‌లో పెట్టిన ఎలిప్సాయిడ్ (భూమి గుండ్రటి ఆకారానికి లెక్కల నమూనా) మీద లెక్క కడుతుంది, జామెట్రీని (గీసిన ఆకారాన్ని) బ్రాకెట్లో ఇచ్చే ఇంకో ఏరియా ఫంక్షన్ లేయర్ (మ్యాప్‌లో ఒక్కో పొర) ఏ ప్రొజెక్షన్‌లో ఉంటే ఆ బల్లపరుపు లెక్క చెప్తుంది, ఈ తేడా మొదటి వారంలోనే పట్టుకోండి.

అలాగే "500 మీటర్ల బఫర్ ఇస్తే మ్యాప్ మొత్తం నిండిపోయింది సార్" అంటారు. లేయర్ డిగ్రీల్లో ఉంది మరి, మీరు అడిగింది 500 డిగ్రీలు.

ల్యాబ్ రికార్డుల్లో అందరూ కళ్లు మూసుకుని యూటీఎం జోన్ 44 అని రాస్తారు. యూటీఎం అంటే భూమిని రేఖాంశాల వెంట పట్టీలుగా కోసి, ఒక్కో పట్టీకి (జోన్‌కి) ఒక్కో ప్రొజెక్షన్ ఇచ్చే పద్ధతి. హైదరాబాద్, విజయవాడ, విశాఖకి అది సరిపోతుంది. కానీ జోన్ 44 మొదలయ్యేది 78 డిగ్రీల రేఖాంశం దగ్గర, తాండూరు, జహీరాబాద్, అనంతపురం దానికి పడమర ఉన్నాయి కాబట్టి జోన్ 43, ఇటు ఇచ్ఛాపురం 84 డిగ్రీలు దాటేసింది కాబట్టి జోన్ 45. అంటే ఒక్క ఆంధ్రప్రదేశ్ మీదే మూడు జోన్లు పోతున్నాయి. రాష్ట్రం మొత్తం మీద ప్రాజెక్ట్ చేస్తూ విస్తీర్ణాలు పోల్చాలంటే ఆల్బర్స్ లాంటి ఈక్వల్ ఏరియా (విస్తీర్ణం చెడకుండా ఉంచే) ప్రొజెక్షన్ తీసుకోవాలి. పాత టోపోషీట్లయితే (సర్వే పటాలు) 1830 నాటి ఎవరెస్ట్ ఎలిప్సాయిడ్ మీద గీసినవి, వాటిని డబ్ల్యూజీఎస్ 84 (జీపీఎస్ వాడే నమూనా) అనుకుని జియోరిఫరెన్స్ చేస్తే (పటాన్ని అసలు స్థానాల్లో కూర్చోబెడితే) మన దగ్గర వంద మీటర్లకు పైనే జరుగుతాయి, రోడ్డు పోయి చెరువులో పడుతుంది.

ఇంకో అపోహ ఏంటంటే డేటా డౌన్‌లోడ్ అయితే సగం పని అయినట్టేనని. 2011 జనాభా లెక్కలు తీసుకుని ఇప్పటి జిల్లాల షేప్‌ఫైల్‌కి (హద్దులుండే మ్యాప్ ఫైల్) జాయిన్ చేసి, ఖాళీలు వచ్చాయని బాధపడతారు. తెలంగాణ 10 జిల్లాలు 2016 అక్టోబర్‌లో 31 అయ్యాయి, 2019లో 33, ఆంధ్రలో 13 కాస్తా 2022 ఏప్రిల్‌లో 26. పాత జిల్లా అంకె కొత్త జిల్లాకి అతకదు, గ్రామాల స్థాయికి దిగి, ఏ గ్రామం ఏ జిల్లాలోకి పోయిందో చూసుకుని మళ్లీ కూడుకుంటూ రావాలి. అదీ పేర్లతో కాదు, సెన్సస్ ఆరంకెల గ్రామ కోడ్‌తో, ఎందుకంటే మన ఊరి పేర్లు ఇంగ్లీషులో ఒక్కో ఆఫీసు ఒక్కోలా రాస్తుంది. ఇంకోటి, వాట్సాప్‌లో డాట్ ఎస్‌హెచ్‌పీ ఒక్కటే పంపకండమ్మా, షేప్‌ఫైల్ అంటే కనీసం మూడు ఫైళ్లు, ప్రొజెక్షన్ ఫైల్‌తో నాలుగు, అన్నీ జిప్ చేసి పంపాలి.

కోడింగ్ రాకపోతే చేరకూడదంటారు, అదీ నిజం కాదు. చేరండి, రెండో సెమిస్టర్‌కి పైథాన్ మెల్లగా మొదలుపెట్టండి, ఒకే పని ఇరవై మండలాలకి చేయాల్సిన రోజు దాని విలువ దానంతటదే తెలుస్తుంది.

జాబ్స్ సంగతి ఉన్నదున్నట్టు చెప్తా. హైదరాబాద్‌లో ఫ్రెషర్లకి దొరికేవాటిలో చాలావరకు ప్రొడక్షన్ పని, బిల్డింగులు రోడ్లు డిజిటైజ్ చేయడం, టార్గెట్లు, షిఫ్టులు. అందులో చేరడం తప్పు కాదు, అక్కడే ఉండిపోవడం కష్టం. ఆ ఏడాదిలో ఎస్‌క్యూఎల్, పోస్ట్‌జీఐఎస్ (మ్యాప్ డేటాని డేటాబేస్‌లో పెట్టి ప్రశ్నలడిగే పనిముట్లు) పట్టుకున్నవాళ్లు బయటపడ్డారు. ఇంకా చదవాలనుంటే గేట్‌లో 2022 నుంచి జియోమాటిక్స్ (సర్వే, మ్యాపింగ్ సబ్జెక్ట్) పేపర్ కూడా ఉంది.

చివరిది, నాకు బాగా బాధ కలిగించేది: శాటిలైట్‌లో అన్నీ కనపడతాయి, ఫీల్డ్‌కి పోనక్కర్లేదు.

సెంటినెల్-2 శాటిలైట్ ఫొటో పది మీటర్ల పిక్సెల్‌తో ఫ్రీగా దొరుకుతుంది, నిజంగా వరమే. కానీ వానాకాలంలో వరి నాట్లు పడే సమయానికి సరిగ్గా మబ్బులు కమ్ముతాయి, అప్పుడు మబ్బుల్లోంచి కూడా చూడగలిగే సెంటినెల్-1 రాడార్ వైపు పోవాలి. మబ్బు లేకపోయినా ఇబ్బందే, ఎన్‌డీవీఐ (శాటిలైట్ ఫొటో నుంచి మొక్కల పచ్చదనాన్ని కొలిచే సూచిక) పచ్చదనం చెప్తుంది కానీ ఏ పచ్చదనమో చెప్పదు. ఒక స్టూడెంట్ చెరువు ఎండిపోయి శిఖంలో (చెరువు అడుగు నేలలో) పంట వేశారని మ్యాప్ చేసింది, చాలా శ్రద్ధగా చేసింది కూడా. శనివారం ఇద్దరం బండి మీద వెళ్లి చూశాం, నిండా నీళ్లే, పైనంతా గుర్రపుడెక్క. అక్కడే జీపీఎస్‌లో పద్దెనిమిది పాయింట్లు తీసుకుంది, కట్ట మీద గేదెలు కాస్తున్న పెద్దాయన్ని అడిగితే అది ఎప్పట్నుంచి పట్టిందో, ఏ తూము వైపు మొదలైందో చెప్పాడు, సోమవారం వచ్చి క్లాసిఫికేషన్ (ఏ పిక్సెల్ ఏంటో తేల్చడం) మొత్తం మళ్లీ చేసింది.