సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు: కొనేవాళ్ల అపోహలు, షెడ్డులో కనిపించే వాస్తవాలు

హైదరాబాద్‌లో పాత స్పోర్ట్స్ కార్లను తనిఖీ చేయడం, బాగుచేయడం నా పని. పదిహేనేళ్లకు పైగా ఇదే చేస్తున్నాను. బీఎండబ్ల్యూ జెడ్4, ఆడి టీటీ, పోర్షే బాక్‌స్టర్, కేమన్ ఎక్కువగా వస్తుంటాయి. ఈ మధ్య మస్టాంగ్ జీటీలు కూడా వస్తున్నాయి. ఈ బండ్లు కొనేవాళ్లలో చాలామంది ఏళ్ల తరబడి డబ్బు దాచుకుని, ఇంట్లో వాళ్లను ఒప్పించుకుని, చిన్ననాటి కోరిక తీర్చుకోవడానికి వచ్చినవాళ్లు. అలాంటి మనిషి కొన్న మూడో నెలలో రిపేరు ఎస్టిమేట్ చేత్తో పట్టుకుని మా షెడ్డులో కూర్చుంటే నాకు బాధేస్తుంది. ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఆ పరిస్థితి రాకపోను. అందుకే రోజూ వినే మాటల్లో ఏది నిజమో ఏది కాదో ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: తక్కువ కిలోమీటర్లు తిరిగిన బండి కొత్త బండితో సమానం

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే నమ్మకం ఇదే. కాబట్టి దీని గురించి కాస్త వివరంగా చెబుతాను.

రెండేళ్ల క్రితం ఒక తమ్ముడు 2011 మోడల్ జెడ్4 చూపించడానికి నన్ను తీసుకెళ్లాడు. మీటరు మీద 14 వేల కిలోమీటర్లే ఉంది. "అన్నా, పద్నాలుగు వేలే తిరిగింది, ఇంకేం చూడాలి?" అన్నాడు. మీటరు నిజమైనదే, ఎవరూ తిప్పలేదు. సర్వీస్ బుక్‌తో సరిగ్గా సరిపోయింది. కానీ టైర్లు కంపెనీ నుంచి బండితో వచ్చినవే. బ్రేక్ ఆయిల్ డికాషన్ రంగుకి తిరిగింది. కూలెంట్ ట్యాంకుకి పైపు కలిసే చోట ప్లాస్టిక్ సన్నగా చీలింది. కింది కవర్ విప్పితే ఎలుక గూడు, కొరికిన వైర్లు బయటపడ్డాయి. మడిచే రూఫ్‌కి ఉండే హైడ్రాలిక్ సిలిండర్ దగ్గర ఆయిల్ చెమ్మ కనిపించింది. బండి అంతకుముందు నాలుగేళ్లుగా సెల్లార్‌లో కవర్ కింద ఉందట. నేను వద్దన్నాను. కానీ తమ్ముడి మనసు అప్పటికే ఆ బండి మీద పడిపోయింది. కొన్నాడు. మొదటి ఆరు నెలల్లో పెట్టిన ఖర్చు కొన్న ధరలో ఐదో వంతుకి చేరింది.

కారులో కొన్ని భాగాలు తిరిగిన కొద్దీ అరుగుతాయి: క్లచ్, బ్రేక్ ప్యాడ్లు, బేరింగులు. మరికొన్ని తిరిగినా తిరగకపోయినా ఏళ్లు గడిచేకొద్దీ పాడవుతాయి: రబ్బరు బుష్‌లు, ఆయిల్ సీళ్లు, ప్లాస్టిక్ పైపులు, ద్రవాలన్నీ. రెండో జాబితాయే పెద్దది. మీటరు మీది అంకె దాని గురించి ఏమీ చెప్పదు.

బ్రేక్ ఆయిల్ సంగతే తీసుకోండి. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. అందులో 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోతుంది. ఊళ్లో నెమ్మదిగా తిప్పినంత కాలం తేడా తెలియదు. శ్రీశైలం ఘాట్ దిగేటప్పుడు వరుసగా బ్రేకులు వేస్తుంటే ఆ వేడికి నీరు ఆవిరై, పెడల్ ఒక్కసారిగా మెత్తబడి కిందికి పోతుంది. అందుకే కిలోమీటర్లతో పని లేకుండా రెండేళ్లకోసారి బ్రేక్ ఆయిల్ మార్చాలి. ఖర్చు కూడా పెద్దదేం కాదు.

టైర్లు కూడా అంతే. "గ్రిప్ ఇంకా బాగానే ఉంది కదా" అంటారు. టైరు పక్కన డాట్ అనే అక్షరాల తర్వాత వచ్చే కోడ్‌లో చివరి నాలుగు అంకెలు చూడండి. 2311 అని ఉంటే 2011వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. ఆరేళ్లు దాటిన టైరుతో స్పోర్ట్స్ కారును ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కించవద్దని నా దగ్గరికి వచ్చే ప్రతి ఒక్కరికీ చెబుతాను. గాట్లు ఎంత లోతుగా ఉన్నా, గట్టిపడిన రబ్బరు తడి రోడ్డును పట్టుకోదు.

14 వేలు తిరిగి బిల్లులు లేని బండి ఒకటి, 60 వేలు తిరిగి ఏటా సర్వీస్ చేయించిన బిల్లులన్నీ ఫైల్‌లో ఉన్న బండి ఒకటి పక్కపక్కన పెడితే, నేను రెండో ఆలోచన లేకుండా 60 వేల బండినే తీసుకోమంటాను.

అపోహ: వాడకపోయినా వారానికోసారి స్టార్ట్ చేసి పది నిమిషాలు ఉంచితే చాలు

మంచి ఉద్దేశంతో చేసే పనే, కానీ ఇంజన్‌కి మేలు కంటే కీడే ఎక్కువ. పెట్రోల్ మండినప్పుడు నీటి ఆవిరి కూడా పుడుతుంది. ఇంజన్ బాగా వేడెక్కితే అది బయటికి పోతుంది. పది నిమిషాల ఐడ్లింగ్‌లో ఆయిల్ సరిగ్గా వేడెక్కదు. ఆ తేమ, కాలని కొంత పెట్రోల్ ఆయిల్‌లోనే కలిసిపోతాయి. కూలెంట్ ముల్లు మధ్యకి వచ్చినంత మాత్రాన ఆయిల్ వేడెక్కినట్టు కాదు, దానికి ఇంకా సమయం పడుతుంది. బ్యాటరీలో తగ్గిన చార్జి కూడా ఆ పది నిమిషాల్లో పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.

వారం పది రోజులకోసారి అరగంట, ముప్పావుగంట రోడ్డు మీద నడపండి. అది వీలుకాకపోతే స్టార్ట్ చేయకుండా, బ్యాటరీకి ట్రికిల్ చార్జర్ (నెమ్మదిగా చార్జి చేస్తూ ఉండేది) తగిలించి ఉంచండి. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, అదీ తేమను పీల్చుకునేదే. కాబట్టి నెలల తరబడి నిలిపే బండిలో పాత పెట్రోల్‌ని అలాగే వదిలేయడం మంచిది కాదు.

అపోహ: మన ఎండలకు చిక్కటి ఇంజన్ ఆయిల్ వేయాలి

"0డబ్ల్యూ-40 చలిదేశాల ఆయిల్, మనకు 20డబ్ల్యూ-50 పోయండి" అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. డబ్ల్యూ ముందున్న అంకె చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ ఎంత సులువుగా పారుతుందో చెబుతుంది. రెండో అంకె 100 డిగ్రీల దగ్గర ఎంత చిక్కగా ఉంటుందో చెబుతుంది. అంటే 0డబ్ల్యూ-40, 15డబ్ల్యూ-40 రెండూ వేడెక్కాక ఒకే తరగతి చిక్కదనంలో ఉంటాయి. స్టార్ట్ చేసిన మొదటి కొన్ని సెకన్లలో మాత్రం 0డబ్ల్యూ ఆయిల్ త్వరగా పైకి చేరుతుంది. ఇంజన్ అరుగుదలకు ఆ సెకన్లే ముఖ్యం. బయట 42 డిగ్రీల ఎండ మనకు ఎక్కువే గానీ, 100 డిగ్రీల్లో పనిచేసే ఆయిల్‌కి అది పెద్ద తేడా కాదు.

అంకెలతో పాటు డబ్బా మీద కారు కంపెనీ ఆమోదం కూడా చూడండి. పోర్షేకి ఏ40, పైన చెప్పిన జెడ్4 కాలపు బీఎండబ్ల్యూ పెట్రోల్ ఇంజన్లకు లాంగ్‌లైఫ్-01 అని రాసి ఉండాలి. ఏడాదికోసారి మార్చండి, మూడు వేల కిలోమీటర్లే తిరిగినా సరే.

అపోహ: బండి ధర సగానికి పైగా పడిపోయింది కాబట్టి మెయింటెనెన్స్ కూడా అందుకు తగ్గట్టే ఉంటుంది

బండి పాతబడితే దాని ధర తగ్గుతుంది, పార్టుల ధర తగ్గదు. 70 లక్షల కారు 20 లక్షలకు వచ్చినా దాని బ్రేక్ డిస్కులు 70 లక్షల కారువే. పైగా చాలా పార్టులు బయటి దేశం నుంచే రావాలి, సుంకం కట్టాలి, వారాల తరబడి ఆగాలి. నా లెక్క ఇది: బండికి పెట్టదలచుకున్న మొత్తంలో ఐదో వంతు పక్కన పెట్టి, మిగిలిన డబ్బుకి వచ్చే బండినే వెతకండి. ఆ ఐదో వంతు మొదటి ఏడాది పనులకి. చేతిలో ఉన్నదంతా పెట్టి కొన్నవాళ్లు సర్వీస్ వాయిదా వేస్తారు, అక్కడే బండి పాడవడం మొదలవుతుంది.

ముందే అడిగి తెలుసుకోవలసిన ఖర్చులు కొన్ని ఉన్నాయి. ట్విన్ టర్బో ఉన్న జెడ్4 35ఐ అయితే హై ప్రెషర్ ఫ్యూయల్ పంపు, ఇంజెక్టర్లు, కరెంటుతో నడిచే వాటర్ పంపు ఎప్పుడు మార్చారో అడగండి. ఆ వాటర్ పంపు చాలాసార్లు ఒక్క చుక్క కారకుండా, ముందు ఏ సూచనా ఇవ్వకుండా ఆగిపోతుంది. పాత టీటీలో వచ్చే డీఎస్‌జీ అనే రెండు క్లచ్‌ల ఆరు గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌కి 60 వేల కిలోమీటర్లకోసారి ఆయిల్, ఫిల్టర్ మార్చాలి. "లైఫ్‌టైమ్ ఆయిల్, ముట్టుకోనక్కర్లేదు" అన్న మాటను దానికి అన్వయించవద్దు.

అపోహ: పోర్షే కొంటే ఇంజన్‌లో ఒక బేరింగ్ పోయి ఇంజన్ మొత్తం పోతుంది

ఇంటర్నెట్‌లో చదివి భయపడి మంచి బండిని వదులుకున్నవాళ్లను చూశాను. ఆ బేరింగ్ సమస్య నిజంగా ఉంది. అయితే అన్ని పోర్షేలకూ లేదు. ఇంజన్ లోపల తిరిగే ఇంటర్మీడియట్ షాఫ్ట్ అనే కడ్డీని మోసే ఐఎంఎస్ బేరింగ్ అది. 1997 నుంచి 2008 దాకా వచ్చిన బాక్‌స్టర్, కేమన్, మామూలు 911 ఇంజన్లలో ఉండేది. వీటిలో ఎక్కువ ఇబ్బంది పెట్టింది 2000 నుంచి 2005 మధ్య వాడిన ఒంటి వరుస బేరింగ్. అమెరికాలో 2001-2005 మధ్య తయారైన కార్ల మీద క్లాస్ యాక్షన్ దావా (ఓనర్లందరి తరఫున కలిపి వేసే దావా) కూడా నడిచింది. ఆ తర్వాత 2008 దాకా పెద్ద బేరింగ్ వేశారు. అది పాడవడం అరుదు, కానీ మార్చాలంటే ఇంజన్ కేసు విప్పాల్సిందే. 2009 మోడల్ నుంచి వచ్చిన కొత్త ఇంజన్లలో అసలు ఆ షాఫ్టే లేదు.

కాబట్టి ముందు మోడల్ సంవత్సరం తేల్చుకోండి. ఆర్సీలో ఉన్న రిజిస్ట్రేషన్ తేదీ సరిపోదు, తయారైన ఏడాది తర్వాత రిజిస్టర్ అయిన బండ్లు ఉంటాయి. చాసిస్ నంబర్‌లో పదో అక్షరం చూడండి: 8 అంటే 2008 మోడల్, 9 అంటే 2009, ఏ అంటే 2010. పాత ఇంజన్ అయితే ఆయిల్ ఫిల్టర్ విప్పించి, మడతల మధ్య లోహపు రజను ఉందేమో చూడాలి. మెరిసే ముక్కలు కనిపిస్తే బేరం అక్కడితో ఆపేయండి. ఈ బేరింగ్ కూడా రోజూ నడిచే బండ్లలో కంటే నిలిపి ఉంచిన బండ్లలోనే ఎక్కువ పాడవుతుందని ఈ పనిలో ఉన్న చాలామంది అభిప్రాయం, నాదీ అదే.

అపోహ: స్కానర్ పెట్టి చూశాం, ఒక్క కోడ్ కూడా లేదు

బండిలోని కంప్యూటర్ లోపాలను నమోదు చేసే కోడ్‌లు తుడిచేయడానికి ఒక్క నిమిషం చాలు. అందుకే నేను కోడ్‌ల కంటే ముందు రెండు విషయాలు చూస్తాను. కోడ్‌లు తుడిచాక బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చాలా స్కానర్లు చూపిస్తాయి. అది 12 కిలోమీటర్లని ఉంటే నిన్నో మొన్నో తుడిచారన్నమాట. రెండోది, రెడీనెస్ మానిటర్లు, అంటే బండి తనను తాను చేసుకునే పరీక్షలు పూర్తయ్యాయో లేదో చెప్పేవి. తుడిచాక అవి "పూర్తి కాలేదు" అని చూపిస్తాయి. అలా ఉన్న బండిని నాలుగు రోజులు మామూలుగా తిప్పి మళ్లీ చూపించమని అడగండి.

నీళ్లలో మునిగిన బండిని కూడా స్కానర్ ఒక్కటే పట్టుకోలేదు. 2015లో చెన్నైలో, 2020 అక్టోబర్‌లో మన హైదరాబాద్‌లో ఎన్ని కార్లు మునిగాయో చూశాం. సీట్ బెల్టును చివరిదాకా లాగండి. కడిగి ఆరబెట్టినా చివరి అడుగులో బురద గీత మిగిలిపోతుంది. కార్పెట్ కింద ఉన్న కనెక్టర్లలో పచ్చటి తుప్పు ఉంటే ఆ బండి ఎంత మెరిసినా వద్దు.

అపోహ: ఢిల్లీ నుంచి తెచ్చుకుంటే లక్షలు మిగులుతాయి

15 ఏళ్లు దాటిన పెట్రోల్ బండ్లు అక్కడ తిరగకూడదని ఎన్జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) 2015లో ఇచ్చిన ఉత్తర్వులు, 2018లో సుప్రీంకోర్టు సమర్థన, వీటివల్ల అక్కడ పాత కార్ల ధరలు పడిపోయిన మాట నిజం. కానీ ఆ తేడాలో మంచి భాగం ఇక్కడ లైఫ్ ట్యాక్స్‌కే పోతుంది. వేరే రాష్ట్రపు బండిని 12 నెలలకు మించి ఇక్కడ ఉంచితే మళ్లీ రిజిస్టర్ చేయించాలి. అందుకు అక్కడి ఆర్టీవో నుంచి ఫారం 28 మీద ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) రావాలి. ఎన్ఓసీ చేతికి రాకుండా పూర్తి డబ్బు ఇవ్వవద్దు. లోన్ తీరినా ఆర్సీలో హైపోథెకేషన్ (బండి బ్యాంకు తాకట్టులో ఉందన్న నమోదు) అలాగే ఉండిపోయిన బండ్లు చాలా ఉంటాయి, అదీ చూసుకోండి. ఇన్సూరెన్స్ మీ పేరుకి మార్చమని 14 రోజుల్లోపు దరఖాస్తు పెట్టండి. పాత ఓనరు నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు, దాన్ని లెక్కలో వేసుకోకండి.

చిన్న మాటలు మరో రెండు. షోరూమ్‌లో తప్ప బయట చేయిస్తే బండి పాడవుతుందనడం సరికాదు. ఆ మోడల్ మీద పనిచేసిన చేయి, దానికి తగ్గ స్కానర్, ఒరిజినల్ పార్టు, బిల్లు ఉంటే బయటి షెడ్డు చాలు. వంద ఆక్టేన్ పెట్రోల్ పోస్తే పవర్ పెరిగిపోతుందన్నదీ అంతే. పెట్రోల్ మూత లోపల రాసిన అంకెకు తగ్గకుండా పోస్తే సరిపోతుంది.

అపోహ: నేను వెళ్లేసరికి స్టార్ట్ చేసి ఉంచారు, ఎంత స్మూత్‌గా ఉందో

ఇంజన్ జబ్బులు బయటపడేది రాత్రంతా చల్లబడిన తర్వాత మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడే. టైమింగ్ చైన్ వదులైతే ఆ మొదటి సెకన్లలో గరగరమంటుంది. వాల్వ్ సీళ్లు పోతే నీలం పొగ వస్తుంది. పోర్షే లాంటి పడుకున్న సిలిండర్ల ఇంజన్‌లో మొదట కాస్త పొగ వచ్చి ఆగిపోవడం మామూలే, ఆగకుండా వస్తేనే భయపడాలి. వేడెక్కిన ఇంజన్‌లో ఇవన్నీ దాగిపోతాయి.

అందుకే ముందు రోజే ఫోన్ చేసి, మేం వచ్చేదాకా స్టార్ట్ చేయవద్దని అమ్మేవారికి చెప్పించండి. అక్కడికి వెళ్లగానే నేను పెయింట్ చూడను, లోపల కూర్చోను. ముందు ఇంజన్ మూత మీద చేయి పెడతాను. వెచ్చగా తగిలితే, రేపు పొద్దున్నే వస్తామని మర్యాదగా చెప్పి వెనక్కి వచ్చేస్తాను.