కొత్త ఫైల్ పడగానే ఫార్మాట్ అయిపోవాలా? కొన్ని అపోహలు, వాస్తవాలు

నెలలో పదో తారీఖు దగ్గరపడుతోందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. 11న జీఎస్‌టీఆర్-1, అంటే నెల అమ్మకాల వివరాలిచ్చే జీఎస్‌టీ రిటర్న్‌కి గడువు. బ్రాంచీల నుంచి ఒక్కో ఎక్సెల్ ఫైలే వస్తుంటుంది. హెడింగ్ బోల్డ్ చెయ్యి, కాలమ్ వెడల్పు సరిచెయ్యి, తేదీలన్నీ ఒకే తీరుకి తీసుకురా. రాత్రి తొమ్మిదైనా ఆఫీసు పిల్లలు కుర్చీలోంచి లేవరు. ఫోల్డర్‌లో ఫైల్ పడగానే దానంతటదే సర్దుకునేలా ఈ చాకిరీ మెషీన్‌కి అప్పగించాల్సిందే. అప్పగించే ముందు కొన్ని భ్రమలు వదులుకోవాలి.

అపోహ: మాక్రో ఒకసారి రికార్డ్ చేస్తే చాలు.

అమీర్‌పేటలో కోర్సు పూర్తిచేసి వచ్చిన పిల్లలు ఎక్కువగా నమ్మేది ఇదే. మాక్రో అంటే ఎక్సెల్‌లో మనం చేసిన పనిని మళ్లీ అలాగే చేసిపెట్టే చిన్న కోడ్. రికార్డర్ మీరు ముట్టుకున్న సెల్ అడ్రసులను పట్టుకుంటుంది, మీ ఉద్దేశాన్ని కాదు. ఈరోజు 212 వరుసలకు గీసిన బోర్డర్లు, రేపు 340 వరుసలొస్తే 212 దగ్గరే ఆగుతాయి. చివరి వరుస ఎక్కడుందో కోడ్ తనే వెతుక్కోవాలి. కాలమ్‌ని కూడా ‘డి’ అని కాకుండా హెడింగ్ పేరుతో పట్టుకోవాలి. పైగా ఎవరైనా నడిపిస్తేనే మాక్రో నడుస్తుంది, ఫోల్డర్‌కి కాపలా కాయదు.

అపోహ: ఫోల్డర్‌లో ఫైల్ వేస్తే ఎక్సెల్‌కి దానంతటదే తెలుస్తుంది.

తెలియదు. బయటి ఫైళ్లలోని డేటాని ఎక్సెల్‌లోకి లాగే పవర్ క్వెరీలో ‘ఫ్రమ్ ఫోల్డర్’ పెట్టినా రిఫ్రెష్ అయితేనే కొత్త ఫైల్ కనిపిస్తుంది. ఫైల్ తెరవగానే రిఫ్రెష్ అయ్యేలా పెట్టుకోవచ్చు. గూగుల్ షీట్స్, డ్రైవ్‌లకు కోడ్ రాసుకునే గూగుల్ యాప్స్ స్క్రిప్ట్‌లో ‘ఫోల్డర్‌లో ఫైల్ పడింది’ అని కోడ్‌ని కదిలించే ట్రిగ్గర్ లేదు. ఐదు, పది నిమిషాలకోసారి టైమ్ ట్రిగ్గర్‌తో చూసి రావడమే. ఫైల్ పడినప్పుడు కదిలేది కావాలంటే మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ ఫోల్డర్లు షేర్‌పాయింట్, వన్‌డ్రైవ్‌లకు పవర్ ఆటోమేట్ ఉంది. నా మాటైతే, బ్రాంచీల ఫైళ్లకు విడివిడిగా రంగులద్దే బదులు పవర్ క్వెరీతో అన్నిటినీ ఒకే టేబుల్‌లోకి లాగండి. ఆ టేబుల్‌కి ఒకసారి ఫార్మాట్ చేస్తే రిఫ్రెష్ తర్వాత కూడా నిలుస్తుంది.

అపోహ: ఫార్మాటింగ్ అంటే రంగులు, బోర్డర్లు.

అసలు నష్టం ఇక్కడే. బేగంబజార్‌లో ఒక మసాలా దినుసుల హోల్‌సేల్ కొట్టుకి నేను మాక్రో రాసిచ్చాను. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఇచ్చే సీఎస్‌వీలు తెరిచి, చక్కగా సర్ది, సేవ్ చేసేది. మొదటి నెలే అకౌంట్లు చూసే పెద్దాయన ఫోన్ చేశారు: “తమ్మీ, పసుపు కోడ్‌ల సున్నా ఎటు పోయింది?”

జీఎస్‌టీలో ప్రతి సరుకుకీ ఉండే హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ పసుపుకి 0910. మిరప, మిరియాలవి 0904. షీట్‌లో 910, 904 అని ఉన్నాయి. సీఎస్‌వీ ఫైల్‌లో ఉండేది వట్టి అక్షరాలే, అది నంబరో కోడో చెప్పే సమాచారం ఉండదు. ఎక్సెల్ నంబరనుకుని ముందున్న సున్నా తీసేసింది. నా మాక్రో ఆ తప్పుకే అందంగా బోర్డర్ గీసింది. నాలుగంకెల కోడ్ కాబట్టి సున్నా మళ్లీ చేర్చుకోవచ్చు. అదే 16 అంకెల బ్యాంక్ ఖాతా నంబరైతే, ఎక్సెల్ 15 అంకెలే నిలుపుకుంటుంది, పదహారోది సున్నా అయిపోతుంది. ఇక ఏ ఫార్మాటూ దాన్ని తిరిగి తేలేదు.

తేదీలు ఇంకా మోసం చేస్తాయి. సిస్టమ్ రీజియన్ అమెరికాది ఉంటే 05/04/2025 మే 4 అవుతుంది. 14/04/2025కి పద్నాలుగో నెల లేదు కనుక టెక్స్ట్‌గా మిగిలిపోతుంది. ఒకే కాలమ్‌లో కొన్ని తేదీలు కుడివైపు, కొన్ని ఎడమవైపు అంటుకుని కనిపిస్తే అక్కడ ఆగండి, ఎడమవైపువి టెక్స్ట్‌గా మిగిలినవి. అన్నిటినీ మధ్యకి అలైన్ చేసే స్క్రిప్ట్ ఆ ఒక్క ఆనవాలునీ చెరిపేస్తుంది.

ఇది మన కొట్ల సమస్య మాత్రమే కాదు. ‘మార్చ్1’, ‘సెప్ట్1’ లాంటి జన్యువుల పేర్లను ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తోందని 2020లో శాస్త్రవేత్తలు ఆ పేర్లనే మార్చుకున్నారు.

అందుకే కోడ్‌లు, ఖాతా నంబర్లు, ఫోన్ నంబర్లు టెక్స్ట్ అని ఫైల్ చదివేటప్పుడే చెప్పాలి. పవర్ క్వెరీ తనంతట తాను చేర్చే ‘చేంజ్డ్ టైప్’ స్టెప్‌ని తెరిచి చూడండి, 0910ని నంబర్ చేసేది అదే.

అపోహ: ఫోల్డర్‌లో ఉన్న ప్రతిదీ సిద్ధంగా ఉన్న ఫైలే.

సగం కాపీ అయిన ఫైల్ కూడా అక్కడే కనిపిస్తుంది. ఎవరైనా అక్కడి ఎక్సెల్ ఫైల్ తెరిచి ఉంచితే ~$తో మొదలయ్యే తాత్కాలిక ఫైల్ ఒకటి పుడుతుంది, స్క్రిప్ట్ దాన్ని పట్టుకుని ఆగిపోతుంది. అలాంటి పేర్లను వదిలేయమని రాయండి. సైజు కాసేపు మారకుండా నిలిచాకే ఫైల్ ముట్టుకోమనండి. సర్దిన కాపీ వేరే ఫోల్డర్‌లోకి వెళ్లాలి, వచ్చిన ఫైల్ వచ్చినట్టే ఉండాలి. బేగంబజార్ కొట్టులో ఆ నెల రిటర్న్ గడువులోపు వెళ్లిందంటే, పెద్దాయన అసలు సీఎస్‌వీలు ఒక్కటీ తీసేయకుండా పెన్‌డ్రైవ్‌లో దాచి ఉంచినందుకే.