పంటి పసుపు ఎక్కడుందో తెలిశాకే తెలుపు మాట

పళ్ళు తెల్లగా చేయించుకోవాలనుకునే వాళ్ళు ముందు అడిగేది, క్లినిక్‌కి వెళ్ళాలా, ఇంట్లోనే చేసుకోవచ్చా అని. అంతకంటే ముందు తేలాల్సింది ఇంకొకటి ఉంది. ఆ పసుపు పంటి పైన ఉందా, లోపల ఉందా?

పంటి పైపొర ఎనామెల్. బరువులో సుమారు 96 శాతం ఖనిజమే. మన ఒంట్లో ఇంతకంటే గట్టి పదార్థం లేదు. అయినా అది సున్నం కొట్టినట్టు తెల్లగా ఉండదు, వెలుతురు కొంత దాని గుండా లోపలికి దిగుతుంది. కింద ఉన్న డెంటిన్ పుట్టుకతోనే లేత పసుపు. వయసు పెరిగేకొద్దీ ఎనామెల్ అరిగి పల్చబడుతుంది, డెంటిన్ మందమవుతుంది. రెండు పూటలా శుభ్రంగా తోముకునే వాళ్ళ పళ్ళు కూడా పెద్ద వయసులో పసుపు తిరిగేది అందుకే. అందులో వాళ్ళ తప్పేమీ లేదు.

టీ, కాఫీ, పొగాకు మరకల సంగతి వేరు. అవి పైన పట్టుకుని ఉంటాయి. క్లోర్‌హెక్సిడిన్ ఉన్న మౌత్‌వాష్ ఎక్కువ రోజులు వాడినా గోధుమరంగు మరకలు పడతాయి. వీటికి బ్లీచింగ్, అంటే మందు పెట్టి పంటి రంగు తగ్గించడం, అక్కర్లేదు. డెంటిస్ట్ గార తీసి పాలిష్ చేస్తే పోతాయి. బ్లీచింగ్ చేయించుకుందామని వచ్చి, క్లీనింగ్ అయ్యాక అద్దం చూసుకుని ఇది చాలు అనుకునే వాళ్ళూ ఉంటారు.

లోపలి రంగు మారాలంటే పెరాక్సైడ్ కావాలి. క్లినిక్‌లో అయినా ఇంట్లో అయినా పని చేసే మందు ఇదే. దాని అణువులు చాలా చిన్నవి కాబట్టి ఎనామెల్‌లోంచి డెంటిన్‌లోకి దూరి, అక్కడ రంగునిచ్చే పెద్ద అణువులను విడగొడతాయి. విడిపోయినవి వెలుతురును అంతగా పీల్చుకోవు, పన్ను తెల్లగా కనిపిస్తుంది. తేడా అంతా గాఢతలోనూ, పట్టే టైమ్‌లోనూ ఉంది. క్లినిక్‌లో వాడేది సాధారణంగా 25 నుంచి 40 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్. ఇంట్లో, పళ్ళకు తొడుక్కునే ప్లాస్టిక్ ట్రేలో పెట్టుకునే జెల్ చాలావరకు 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్. అందులోంచి విడుదలయ్యే హైడ్రోజన్ పెరాక్సైడ్ మూడున్నర శాతం చిల్లర, అదీ కొన్ని గంటలపాటు మెల్లమెల్లగా. రాత్రిపూట ట్రే పెట్టుకునే ఈ పద్ధతిని 1989లో హేవుడ్, హేమన్ అనే ఇద్దరు అమెరికన్ దంతవైద్యులు ప్రచురించారు. ఇప్పటికీ వాడుకలో ఉంది.

క్లినిక్‌లో మొదట షేడ్ గైడ్ తెస్తారు. 16 రకాల రంగుల్లో నకిలీ పళ్ళు వరసగా గుచ్చిన పట్టీ అది. ఒక్కొక్కటే మీ పంటి పక్కన పెట్టి, ఏది కలిసిపోతుందో చూసి రాసుకుంటారు. తర్వాత చిగుళ్ళ మీద ఒక పూత వేసి, దాన్ని గట్టిపడనిచ్చి, అప్పుడు జెల్ రాస్తారు. అంత గాఢమైన మందు చిగురుకు తగిలితే అక్కడ తెల్లగా కాలిపోయినట్టవుతుంది, మంట పుడుతుంది. గంటా గంటన్నరలో పని అయిపోతుంది. లేచి అద్దం చూసుకుంటే ఆశ్చర్యం వేస్తుంది. ఒక్క మాట గుర్తుంచుకోండి. అంతసేపు నోరు తెరిచి ఉంచడంతో పన్ను తడి ఆరిపోతుంది. ఆరిన పన్ను ఉన్నదానికంటే తెల్లగా కనబడుతుంది. తడి తిరిగి పట్టేసరికి రంగు కొంచెం వెనక్కి తగ్గుతుంది. అసలు ఫలితం తెలిసేది ఒకటి రెండు వారాలకు. ఇక కొన్ని క్లినిక్‌లలో జెల్ రాశాక పళ్ళ మీద వేసే నీలి లైటు వల్ల చివరి ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా ఉండదు. దానికోసం అదనంగా ఖర్చు పెట్టొద్దనే నా సలహా.

ఇంట్లో వాడే వాటిలో నాకు నచ్చేది డెంటిస్ట్ మీ పళ్ళ అచ్చు తీసి చేసిచ్చే ట్రే. పంటికి అతుక్కున్నట్టు కూర్చుంటుంది. ఒక్కో పంటి గూట్లో బియ్యపు గింజంత జెల్ చాలు. ఎక్కువ వేస్తే పొంగి చిగుళ్ళ మీదకు కారుతుంది, అంతే. రెండు మూడు వారాలు ఓపిక పడితే క్లినిక్‌లో వచ్చే తెలుపుకు దాదాపు సమానంగా వస్తుంది. చిన్నప్పుడు టెట్రాసైక్లిన్ అనే యాంటీబయోటిక్ వాడి పళ్ళు బూడిదరంగు తిరిగిన వాళ్ళకు ఒక్క సిట్టింగ్ సరిపోదు. వాళ్ళకు నెలల తరబడి ట్రే వాడించాల్సి వస్తుంది. పెళ్ళి దగ్గరపడిందనో, ఫోటోలున్నాయనో తొందర ఉంటే క్లినిక్ సరే. లేకపోతే నిదానమే మేలు.

దుకాణంలో దొరికే, పళ్ళకు అంటించుకునే పెరాక్సైడ్ స్ట్రిప్స్ కూడా పనిచేస్తాయి, కానీ వంకర పళ్ళ సందుల్లోకి సరిగ్గా అతుక్కోవు. తెల్లబరిచే పేస్టులు పైమరకను రుద్ది తీస్తాయి తప్ప డెంటిన్ రంగు మార్చలేవు. నిమ్మరసం, బొగ్గుపొడి జోలికి మాత్రం పోవద్దు. నిమ్మకాయ నోట్లో పిండుకుంటే పళ్ళు పులిసిపోతాయి కదా, ఆ పులుపు ఎనామెల్‌లోని ఖనిజాన్ని కరిగిస్తుంది. అరిగిన ఎనామెల్ మళ్ళీ పెరగదు. అది పల్చబడితే కింది పసుపు ఇంకా బయటపడుతుంది.

రెండు పద్ధతుల్లోనూ పళ్ళు జివ్వుమనడం మామూలే, గాఢత ఎక్కువైతే ఇంకాస్త ఎక్కువ. పెరాక్సైడ్ నిమిషాల్లోనే పంటి లోపలి నరం దాకా చేరడమే అందుకు కారణం. చాలామందికి కొద్ది రోజుల్లో తగ్గుతుంది. పొటాషియం నైట్రేట్ ఉన్న పేస్టు వాడినా, ఒకటి రెండు రోజులు విరామం ఇచ్చినా తేలికపడుతుంది. కానీ పిప్పి పన్ను ఉండగా మొదలుపెడితే బాధ మామూలుగా ఉండదు. అందుకే ఇంట్లో చేసుకునే వాళ్ళు కూడా ఒకసారి పళ్ళు చూపించుకోవాలి. గర్భంతో ఉన్నవాళ్ళు వాయిదా వేసుకోవడం మంచిది. యూరోపియన్ యూనియన్‌లో 18 ఏళ్ళ లోపు వాళ్ళకు 0.1 శాతం మించిన పెరాక్సైడ్ వాడకూడదని నిబంధనే ఉంది.

ఒక్క పన్నే నల్లబడితే మరీ జాగ్రత్త. ఎప్పుడో దెబ్బ తగిలి లోపల నరం చచ్చిపోయి ఉండొచ్చు. దానికి ఎక్స్‌రే కావాలి. చాలాసార్లు రూట్ కెనాల్ చేసి, తర్వాత పంటి లోపలి నుంచే బ్లీచ్ చేస్తారు.

క్యాపులు, ఫిల్లింగులు పెరాక్సైడ్‌కు రంగు మారవు. ముందు పళ్ళలో అలాంటివి ఉంటే చుట్టుపక్కలవి తెల్లబడి అవి పాత రంగులోనే మిగులుతాయి. మార్పించుకోవాలనుకుంటే బ్లీచింగ్ అయిన రెండు వారాల తర్వాత చేయించుకోండి. ఈలోగా పంటి రంగు కుదురుకుంటుంది, కొత్త ఫిల్లింగ్ కూడా గట్టిగా పట్టుకుంటుంది.