మంచం పట్టిన మనిషిని కదిలించకూడదా? నర్సింగ్ మీద అపోహలు - వాస్తవాలు

ఫ్లారెన్స్ నైటింగేల్ జీవితం మీద తీసిన సినిమా ఒకటి ఈమధ్య మా నర్సుల గ్రూపుల్లో తిరుగుతోంది. నేనూ చూశాను. ఆనాటి ఆసుపత్రి, పొడుగు గౌన్లు, నేల మీద వరసగా పడుకోబెట్టిన సైనికులు, అన్నీ శ్రద్ధగా తీశారు. ఒక్కచోట మాత్రం నా మనసు ఒప్పలేదు. చీకట్లో దీపంతో వచ్చి ఆమె ఒక సైనికుడి నుదుటి మీద చెయ్యి పెట్టగానే అతను కోలుకుంటాడు. కర్నూలులో స్టాఫ్ నర్సుగా నేను వార్డులో రోజూ తలపడేది ఈ నమ్మకంతోనే. ప్రేమగా పక్కన కూర్చుంటే చాలు, మిగతాది మందులు చూసుకుంటాయి అనుకుంటారు.

అసలు జరిగింది వేరు. క్రిమియా యుద్ధం జరుగుతుండగా 1854 నవంబరులో నైటింగేల్ 38 మంది నర్సులతో ఇప్పటి ఇస్తాంబుల్‌లో ఉన్న స్కుటారి సైనిక ఆసుపత్రికి చేరారు. ఆ చలికాలమంతా తిండీ నిద్రా చూసుకోకుండా పనిచేశారు. అయినా చావులు పెరిగాయే గానీ తగ్గలేదు. 1855 ఫిబ్రవరిలో నూటికి 42 మంది దాకా పోయారు. గాయాలతో పోయినవాళ్లకన్నా టైఫస్ అనే విషజ్వరం, కలరా, రక్తవిరేచనాలతో పోయినవాళ్లే ఎన్నో రెట్లు ఎక్కువ. ఆసుపత్రి కింద మురుగు కాలువలు పూడుకుపోయి ఉన్నాయి. మార్చిలో బ్రిటిష్ ప్రభుత్వం పంపిన శానిటరీ కమిషన్ వచ్చి వాటిని తవ్వించి, గోడలకు సున్నం వేయించి, గాలి ఆడేలా చేశాక, జూన్ కల్లా ఆ సంఖ్య నూటికి రెండుకు దిగింది. ఈ లెక్కలన్నీ కూర్చి 1858లో రంగుల చార్టుగా గీసి ప్రభుత్వం ముందు పెట్టింది నైటింగేలే. లండన్ స్టాటిస్టికల్ సొసైటీలో తొలి మహిళా సభ్యురాలు కూడా ఆమే. సినిమాలో ఈ కాలువలూ లెక్కలూ రెండు నిమిషాల్లో అయిపోతాయి.

1859లో అచ్చయిన ఆమె పుస్తకంలో ఒక మాట ఉంది. రోగికి వీపు పుండు పడితే ఆ తప్పు చాలావరకు రోగానిది కాదు, చూసుకోవడంలోది అని. ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

అపోహ: మంచం పట్టిన మనిషిని కదిలించకూడదు. పుండ్లు జబ్బుతో పాటు ఎలాగూ వస్తాయి.

వాస్తవం: కదిలించకపోతేనే ముప్పు. మనం నిద్రలో కూడా మనకు తెలియకుండానే ఒత్తిగిల్లుతుంటాం. పక్షవాతం వచ్చినవాళ్లు, తుంటి విరిగినవాళ్లు, స్పృహలో లేనివాళ్లు ఆ పని చేసుకోలేరు. ఎముకకూ పరుపుకూ మధ్య చర్మం నలిగి, రక్తం అందక, లోపలి కండ చచ్చిపోతుంది. పైకి మచ్చ కనిపించేసరికే లోపల చెడడం మొదలై ఉంటుంది.

ఆలూరు వైపు పల్లె నుంచి ఒక పెద్దాయన్ను తీసుకొచ్చారు. పక్షవాతం వచ్చి, వైద్యం చేయించుకుని, ఇంటికి వెళ్లిన మనిషి. కొడుకు కళ్లు గుంటలు పడి ఉన్నాయి. "మా నాయన్ను ఒక్క గడియ ఒంటరిగా ఇడ్సలేదు సిస్టరమ్మా. ఎవురినీ కదపనీలేదు. అయినా జరం తగ్గల్యా" అన్నాడు. ఇద్దరం కలిసి పక్కకు తిప్పి చూస్తే నడుము కింద అరచెయ్యంత నల్లటి పెచ్చు. అంచు దగ్గర కాస్త కదపగానే చీము, వాసన. ఎడమ మడమ మీద ఇంకొకటి. దుప్పటి ముడత వీపు పొడవునా గీత గీసినట్టు అచ్చుపడి ఉంది. కొడుకు వీపు చూడడం అదే మొదటిసారి. రాత్రింబవళ్లు తండ్రి ముఖమే చూస్తూ కూర్చున్నాడు. డిశ్చార్జి చేసిన చోట మందుల చీటీ ఇచ్చారు, ఎలా తిప్పాలో ఎవరూ చూపించలేదు. ఆ అబ్బాయిని నేనేమనగలను? ముక్కులో పైపు, కింద క్యాథెటర్ (మూత్రం పైపు) ఉన్న మనిషిని ముట్టుకోవాలంటే ఎవరికైనా భయమే. ఆ భయం తప్పు కాదు. "కదిపితే ప్రాణం పోతాది" అని ఊళ్లో పుకారు పుట్టించి, ఆ భయాన్ని పెంచేవాళ్ల మీదే నాకు కోపం.

ఆ తర్వాత చచ్చిన కండ కోసి తీయడం, రోజూ డ్రెస్సింగ్, యాంటీబయాటిక్స్. ఒక్కోసారి ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకుతుంది. జబ్బుకు పెట్టిన ఖర్చుకన్నా పుండుకు పెట్టిందే ఎక్కువైన ఇళ్లు నాకు తెలుసు. ఇంట్లో ఒకరు కూలి మానుకుని నెలల తరబడి దానికే కూర్చోవాలి.

చేయాల్సింది ఇది. రెండు గంటలకోసారి పొజిషన్ మార్చండి: ఎడమ పక్క, వెల్లకిలా, కుడి పక్క. పూర్తిగా పక్కకు దొర్లించక్కర్లేదు. వీపు వెనక దిండు పెట్టి కొంచెం ఏటవాలుగా ఉంచితే సరిపోతుంది. మోకాళ్ల మధ్య ఒక దిండు, పిక్కల కింద ఒక దిండు పెట్టాలి. మడమలు పరుపుకు తగలకూడదు. మనిషిని లాగొద్దు, కింద పరిచిన దుప్పటితో సహా ఇద్దరు ఎత్తి జరపండి. తిప్పిన ప్రతిసారీ నడుము కింద, తుంటి దగ్గర, మడమలు, తల వెనక చూడండి. వేలితో నొక్కి వదిలితే పోని ఎరుపు మొదటి గుర్తు. మనలాంటి చామనఛాయ, నలుపు ఒంటి మీద ఎరుపు తెలియదు కాబట్టి చేత్తో తడిమి చూడాలి. వేడిగానో, గట్టిగానో తగిలితే ఆ పక్క మీద మళ్లీ పడుకోబెట్టొద్దు. అక్కడ రుద్దొద్దు. డైపర్ తడిస్తే వెంటనే మార్చండి. తిప్పిన టైము గోడ మీది క్యాలెండర్ పక్కన రాసి పెట్టుకోండి. రాత్రిపూట ఎవరి వంతు ఎప్పుడో గొడవ ఉండదు.

ఎయిర్ బెడ్ కొన్నాం కదా అంటారు. మంచిదే, కానీ అది ఉన్నా తిప్పాల్సిందే. నడుము కింద గుండ్రటి గాలి ట్యూబు పెట్టొద్దు, చుట్టూ అంచు నొక్కి రక్తాన్ని ఇంకా ఆపుతుంది. పుండులో పసుపు, పౌడరు, బూడిద వేయొద్దు. వెన్నెముకకు దెబ్బ తగిలినవాళ్లను మాత్రం సొంతంగా తిప్పకండి. తల, వీపు, కాళ్లు ఒకే వరసలో ఉండేలా ముగ్గురు నలుగురు కలిసి తిప్పే పద్ధతి వేరే ఉంది, అది డాక్టర్‌ను అడిగాకే.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

గ్లూకోజ్ ఎక్కిస్తే బలం వస్తుందన్నది అపోహ. అర లీటరు 5 శాతం గ్లూకోజ్ సీసాలో ఉండేది 25 గ్రాములు, అంటే ఐదారు చెంచాల చక్కెర. నోటితో తినగలిగే మనిషికి గుడ్డు, పప్పు పెట్టండి. పుండు మానాలన్నా అవే కావాలి. పడుకోబెట్టి మాత్రం తినిపించొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

గ్లౌజులు వేసుకుంటే చేతులు కడగక్కర్లేదన్నదీ అపోహే. తీశాక కూడా కడగాలి.

సినిమాల్లో నైటింగేల్ చేతిలో పెట్టే అల్లావుద్దీన్ దీపం నిజం కాదు, అక్కడ వాడింది మడత పెట్టే టర్కీ లాంతరు. ఆమె పుట్టినరోజైన మే 12న మేం చేసే నైటింగేల్ ప్రతిజ్ఞ ఆమె రాసింది కాదు. 1893లో అమెరికాలోని డెట్రాయిట్‌లో లిస్ట్రా గ్రెటర్ అనే నర్సు నాయకత్వంలో తయారైంది. ఇంకొకటి మన కర్నూలువాళ్లు తెలుసుకోవాలి. ఆమె భారతదేశానికి ఒక్కసారీ రాలేదు. కానీ 1876-78 కరువులో మన సీమ మాడిపోయినప్పుడు ఇక్కడి జనం కోసం ఇంగ్లండులో కలం పట్టారు. నీళ్లిస్తేనే కరువు తీరుతుందని ఆర్థర్ కాటన్‌కు మద్దతుగా నిలిచారు. మన కె.సి. (కర్నూలు-కడప) కెనాల్ వెనక ఉన్నదీ ఆ కాటన్ ఆలోచనే. ఇది ఏ సినిమాలోనైనా చూపిస్తే నేను మళ్లీ చూస్తాను.

డిశ్చార్జి రోజు మందుల చీటీ తీసుకునేటప్పుడు "సిస్టర్, ఎలా తిప్పాలో ఒకసారి చేసి చూపించండి" అని అడగండి. తర్వాత మా ముందే మీరు ఒకసారి చేయండి. డ్యూటీలో హడావుడిగా ఉండి ఎవరైనా విసుక్కున్నా, అది నేర్చుకున్నాకే ఆటో ఎక్కండి.